చుక్కాని చెడిన పదకొండు రోజులు



2018 ఏప్రిల్ నెల. నిర్మల్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ పేపరు తిరగేస్తున్నాను. లోపలి పేజీలో ఒక చిన్న వార్త కనబడింది. మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ‘తారిణి’ అనే తెరచాప పడవలో భూమిని చుట్టి వస్తున్నారనీ, కేప్‌టౌన్ నుంచి గోవాకు తిరిగి వచ్చే దారిలో పడవ స్టీరింగు చెడిందనీ, మరమ్మతు కోసం మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవుకు మళ్ళించారనీ రాశారు. అంతే వార్త. నేను మాత్రం ఆ నాలుగు వాక్యాలను మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను. చేతిలో చాయ్ చల్లారింది.

ఎందుకంటే అంతకు ఐదేళ్ళ ముందు, 2013లో, అదే రేవులో, అదే జబ్బుతో ఆగిన ఒక ఓడ మీద నేను పదకొండు రోజులున్నాను.

మాది నిర్మల్‌కు దగ్గరలో గంగ ఒడ్డు పల్లె. మా దిక్కు గోదావరిని గోదావరి అనరు, గంగ అంటారు. నేను ఐటీఐలో వెల్డింగు నేర్చుకుని, ఊళ్ళో ఈడు పిల్లలందరిలాగే దుబాయ్ పోయాను. అక్కడ ఓడలు బాగుచేసే యార్డులో ఆరేళ్ళు పనిచేసి, ఆ పరిచయాలతో సరుకు ఓడల మీద ఫిట్టరుగా చేరాను. ఫిట్టరు పని అంటే ఇంట్లోవాళ్ళకు తెలిసింది గాని ఓడ అంటే ఎంతుంటుందో తెలియలేదు. ఎవరైనా అడిగితే మా అవ్వ, “నా కొడుకు నావ మీద పనిచేస్తడు” అని చెప్పేది. ఆమె చూసింది గంగ దాటించే నావనే కదా.

ముందు తారిణి సంగతి చెప్తాను. 55 అడుగుల పడవ అది. గోవాలోని దివార్ దీవిలో కట్టారు. ఒడిశా గంజాం జిల్లాలో తారా తారిణి గుడి ఉంది. పూర్వం ఓడ వర్తకులు ఆ అమ్మవారికి మొక్కి సముద్రం మీదికి పోయేవాళ్ళట. ఆ పేరే పడవకు పెట్టారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరింది. కెప్టెను వర్తికా జోషి. ఆమెతో ప్రతిభా జామ్వాల్, విజయా దేవి, పాయల్ గుప్తా, ఇంకా ఇద్దరు తెలుగు ఆడబిడ్డలు: విశాఖపట్నం పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య. ఆగవలసిన రేవులు ముందే రాసుకున్నారు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజీలాండులో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. నాలుగే నాలుగు. పసిఫిక్ దక్షిణపు అంచులో 60 నాట్లకు మించిన గాలిని తట్టుకున్నారు. 2018 జనవరిలో కేప్ హార్న్ మూల తిరిగారు. అంతటి గండాలు దాటి, ఇక ఇంటి దారి పట్టాక, మన హిందూ మహాసముద్రంలోకి వచ్చాక స్టీరింగు మొరాయించింది. పోర్ట్ లూయీ వాళ్ళ జాబితాలో లేదు.

నేల మీద ఇంజను ఆగిన బండిని పక్కకు నెట్టి చెట్టు కింద కూర్చోవచ్చు. నీళ్ళ మీద చుక్కాని పోయిన ఓడ ఆగదు. దాని ఇష్టానికి అది తిరుగుతుంది. అలలకు అడ్డం పడుతుంది, పక్కలకు ఒరుగుతుంది, లోపలి సరుకు జరుగుతుంది. చిన్నప్పుడు గంగ దాటుతుంటే ఒకసారి నడిమధ్యలో నావ నడిపే కాక చేతిలో తెడ్డు విరిగింది. వానాకాలపు ఎర్రనీళ్ళు. నావ గిర్రున ఒక చుట్టు తిరిగింది. కాక అరవలేదు. పక్కనున్న గడ నీళ్ళలో గుచ్చి, “ఎవ్వలు కదులకున్రి” అన్నాడు నెమ్మదిగా. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తుంది. ఎక్కడో ఒక మైలు కింద, మాది కాని ఊరి దగ్గర ఒడ్డెక్కాం. ఆ ఊళ్ళో ఎవరో మాకందరికీ మక్కగట్క పెట్టారు. ఆ ఇంటివాళ్ళ పేరు మేమడగలేదు, మా పేర్లు వాళ్ళడగలేదు.

2013లో మా ఓడ కాకినాడలో ఉప్పుడు బియ్యం నింపుకుని పశ్చిమ ఆఫ్రికాకు పోతోంది. బస్తాలు ఎక్కిస్తుంటే కొన్నిటి మీద పెద్దపల్లి దిక్కు మిల్లుల పేర్లు కనబడ్డాయి. మా గంగ నీళ్ళతో పండిన వడ్లే అయ్యుంటాయి, ఆ బియ్యం నాకంటే ముందు సముద్రం ఎక్కి కూర్చున్నాయి. శ్రీలంక దాటి, భూమధ్యరేఖ దాటి, నైరుతిగా పోతున్నాం. ఒక రాత్రి స్టీరింగు గదిలో నూనె మట్టం పడిపోతున్నట్టు అలారం మోగింది. ఆ గది ఓడ వెనుక కొసన ఉంటుంది. చుక్కానికి నిలువుగా ఒక లావాటి ఇరుసు ఉంటుంది. దాన్ని నూనె ఒత్తిడితో అటూ ఇటూ నెట్టే ఉక్కు కడ్డీలను రామ్‌లంటారు, మనిషి నడుమంత లావు. ఒక రామ్ దగ్గర సీలు చిరిగి నూనె కారుతోంది. సీలు మా దగ్గరే ఉంది, మార్చాం. మరునాటికి అదీ చిరిగింది. దీపం పెట్టి చూస్తే రామ్ ఒంటి మీద నిలువునా సన్నగా గీత పడి ఉంది. వేలితో తడిమితేనే తెలిసేంత గీత. ఎన్ని సీళ్ళు మార్చినా ఆ గీత కోసేస్తుంది. ఆ పక్కను మూసేసి, మిగిలిన సగంతో, సగం వేగంతో దగ్గరి రేవుకు పోవాలని కెప్టెను నిర్ణయించాడు. దగ్గరి రేవు పోర్ట్ లూయీ.

తెల్లవారుజామున దీవి కనబడింది. ముందు కొండలు, తర్వాత దీపాలు. ఒక కొండ కొసన పెద్ద బండ ఒకటి, మనిషి తలకాయలాగా, ఇప్పుడే దొర్లిపడుతుందా అన్నట్టు నిలబడి ఉంది. పీటర్ బోత్ కొండ అంటారు. దాని పక్కన ఇంకో కొండ పేరు ‘లె పూస్’, అంటే ఫ్రెంచిలో బొటనవేలు. 1836లో చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడలో ఇక్కడికి వచ్చి ఆ బొటనవేలు కొండ ఎక్కాడు. ఆగ్నేయం నుంచి ఎప్పుడూ వీచే గాలికి ఈ కొండలు అడ్డం నిలుస్తాయి, రేవు వాటి చాటున వాయవ్యం వైపు ఉంటుంది. గాలిదెబ్బ తిన్న ఓడ తలదాచుకోవడానికి అంతకన్నా అనువైన చోటు ఆ సముద్రంలో అరుదు.

ఈ సంగతి మొదట బాగా పట్టుకున్నవాడు మాహే ద లా బూర్డొనే అనే ఫ్రెంచి గవర్నరు. 1735లో వచ్చాడు. డచ్చివాళ్ళు 1598లో దిగి, 1710లో వదిలిపోయిన దీవి అది. ఈయన రేవు కట్టించాడు, ఓడలు బాగుచేసే వసతి పెట్టించాడు, ఆసుపత్రి కట్టించాడు, నీళ్ళ కాలువ తవ్వించాడు. తర్వాత ఇక్కడి నుంచే ఓడలు సిద్ధం చేసుకుని పోయి 1746లో ఇంగ్లీషువాళ్ళ దగ్గర మద్రాసును పట్టుకున్నాడు. రేవు ఎదుట తాటిచెట్ల లాంటి చెట్ల వరుసల కొసన ఆయన విగ్రహం ఇప్పటికీ సముద్రం దిక్కు చూస్తూ నిలబడి ఉంటుంది. 1810లో దీవి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. విగ్రహాలు, వీధుల పేర్లు, జనం మాట మాత్రం ఫ్రెంచి వాసన వదల్లేదు.

కొత్త రామ్ యూరపు నుంచి విమానంలో రావాలి. వచ్చాక బిగించాలి. బిగించాక క్లాసు సర్వేయరు చూసి సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఓడ కదలడానికి లేదు. పొద్దంతా పాతదాన్ని ఊడదీసే పని, సాయంత్రాలు వంతులవారీగా షోర్ పాస్ మీద ఊళ్ళోకి పోవచ్చు. నా వంతు నాలుగుసార్లు వచ్చింది.

మామూలుగా ఓడ మనిషికి ఊరు కనబడదు. ఈనాటి రేవుల్లో సరుకు దింపడం గంటల మీద నడుస్తుంది. కంచె, గేటు, క్రేను, మళ్ళీ సముద్రం. నేను నలభై రేవులు చూశానని చెప్పుకుంటాను గాని, వాటిలో ముప్పై ఐదింటిలో గేటు దాటలేదు. పోర్ట్ లూయీ నాకు దక్కింది ఆ సన్నటి గీత పుణ్యాన.

మొదటి సాయంత్రం సెంట్రల్ మార్కెట్‌కు పోయాను. కూరగాయల వరుసలో కాళ్ళు ఆగిపోయాయి. మునగాకు కట్టలు కట్టి పెట్టారు. ఆకు చూపించి పేరేమిటని అడిగితే, అమ్మే ఆమె ‘బ్రెద్ మురుం’ అన్నది. బ్రెద్ అంటే వాళ్ళ క్రియోల్ భాషలో ఆకుకూర. మురుం అంటే తమిళం మురుంగై. కరివేపాకును ‘కారీపులే’ అంటారు, అదీ తమిళం నుంచి వచ్చిన మాటే. బెండకాయను ‘లాలో’ అంటారు. బయట బండి మీద ఒకాయన ‘ధాల్ పూరీ’ అమ్ముతున్నాడు. పప్పు ఉడికించి పొడి చేసి, పిండి లోపల పెట్టి, పల్చగా ఒత్తి కాల్చినది. బెల్లం వేయని పోలె అనుకోండి. రెండేసి కలిపి, చిక్కుడుగింజల కూర పూసి, పచ్చిమిరప తొక్కు రాసి, చుట్టి కాగితంలో ఇస్తాడు. నిలబడి తినాలి. తింటుంటే పండుగనాడు పొయ్యి ముందు కూర్చున్న మా అవ్వ గుర్తొచ్చింది. బ్రిటిష్‌వాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, చీనావాళ్ళు, ఆఫ్రికావాళ్ళ మనుమలు అందరూ అదే బండి ముందు వరుసలో నిలబడి ఉన్నారు.

రెండోసారి ఊరి మీదున్న కోట ఎక్కాను. ఫోర్ట్ అడిలైడ్, 1834 తర్వాత ఇంగ్లీషువాళ్ళు నల్లరాయితో కట్టింది. అక్కడ నిలబడి రేవు వైపు చూస్తుంటే నిర్మల్ శ్యామ్‌గఢ్ కోట మీద నిలబడ్డట్టే ఉంది. మా ఊరి కోటల్ని, బురుజుల్ని నిజాం కొలువులోని ఫ్రెంచివాళ్ళు కట్టారని పెద్దలు చెప్తారు. ఆ ఫ్రెంచివాళ్ళకు ఈ దీవే మజిలీ. చిన్నప్పుడు ఆ బురుజుల మీద గాలిపటాలు ఎగరేసుకున్నాను గాని, వాటి అవతలి కొస సముద్రం మీద ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, నా చేతి పనికి సంబంధించింది. నిర్మల్ గుట్టల్లో దొరికే ఇనుపరాయిని గంగ అవతల, ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించి ఉక్కు తీసేవాళ్ళు. డమాస్కస్ కత్తులని లోకం పిలిచినవాటికి ఆ జాతి ఉక్కే కావాలి. వాయ్‌సీ అనే ఇంగ్లీషు వైద్యుడు 1820ల మొదట్లో ఆ కొలుములు చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. పర్షియా దేశంలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు కోనసముద్రం దాకా వచ్చి, ఉక్కు తయారయ్యేదాకా అక్కడే ఉండి, కొనుక్కుపోయేవాళ్ళని అందులో ఉంది. అంటే పరాయి ఊళ్ళో ఇనుప ముక్క కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ ఎదురుచూసే పని నాతో మొదలైంది కాదు. ఒకప్పుడు లోకం మా దగ్గరికి వచ్చి ఎదురుచూసింది. ఆ కొలుములు ఆరిపోయాయి. ఇప్పుడు మా పిల్లలు వెల్డింగు నేర్చుకుని లోకంలోకి పోతున్నారు.

మూడో సాయంత్రం రేవు పక్కన కోదాన్ వాటర్‌ఫ్రంట్ అనే కొత్త బజారులో తిరిగాను. ఒక దుకాణం నిండా కొయ్య ఓడలు. మూరెడు పొడుగు నుంచి బారెడు దాకా. పాతకాలపు తెరచాప ఓడల నక్షాలు తెప్పించుకుని, వాటి కొలతలు చిన్నవిచేసి, పలక పలకా అతికించి, దారంతో తాళ్ళు కట్టి చేస్తారు. 1968లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మొదలైన పని అట, ఇప్పుడు ఆ దీవికి అదొక గుర్తు. బొమ్మల ఊరి నుంచి వచ్చినవాణ్ణి, ఊరికే చూసి బయటికి ఎట్లా వస్తాను? మా దగ్గర పొణికి కర్ర, తేలిక, మెత్తన. ముక్కలు చెక్కి చింతగింజల జిగురుతో అతికి, సందుల్లో రంపపు పొట్టు కలిపిన ముద్ద పూడ్చి, రంగులేస్తారు. వీళ్ళది టేకు, గట్టి కర్ర, రంగు వేయరు, నూనె పాలిషు మాత్రం పెడతారు. దుకాణంలో పిల్లవాడు ఒక చిన్న ఓడ తిప్పి కింద చూపించాడు. చుక్కాని ఉంది. గోరంత చుక్కాని, దానికి నిజంగా తిరిగే సన్నటి సూది ఇరుసు. నేను ఆ ఇరుసును వేలితో అటూ ఇటూ తిప్పి చూసి, బేరం ఆడకుండా కొన్నాను.

నాలుగోసారి పోయిన చోటు గురించి చెప్పడానికే నేనీ ప్రసంగం ఒప్పుకున్నాను.

రేవులో ‘త్రూ ఫాన్ఫరోన్’ అనే మూల ఉంది. ఓడలు పక్కకు చేర్చి బాగుచేసుకునే మూల, పాతకాలం నుంచీ. దాని ఒడ్డున నల్లరాతి గోడలు, ఒక చిన్న ద్వారం, లోపల 16 మెట్లు. దాని పేరు ఆప్రవాసీ ఘాట్. 1849లో కట్టారు. ఈ పేరు రాకముందు కూలీ ఘాట్ అనేవాళ్ళు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుంచి దిగారు. బానిసలకు విముక్తి ఇవ్వక తప్పని రోజులవి. చెరకు తోటలకు మనుషులు కావాలి, ఇంగ్లీషు సర్కారు మన దేశం నుంచి తెచ్చింది. 1910 దాకా ఆ రాక ఆగలేదు. దాదాపు నాలుగున్నర లక్షల మంది ఈ దీవిలో దిగారు. 2006లో యునెస్కో ఆ మెట్లను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వాళ్ళలో తెలుగువాళ్ళు విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల వాళ్ళు. చాలామంది కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కారు. అందుకే మారిషస్‌లో తెలుగువాళ్ళకు ‘కొరంగీ’ అని పేరు పడింది. బర్మాలోనూ అదే పేరు. కాకినాడలో ఓడ ఎక్కేముందు యానాం బస్సులో పోతూ కోరంగిని చూశాను. మడ అడవి, చేపల వాసన, ఒక చిన్న ఊరు. రెండు వందల ఏళ్ళ కిందట అది తూర్పు తీరంలో పెద్ద పెద్ద ఓడలను ఒడ్డుకు చేర్చి బాగుచేసిన రేవని తర్వాత చదివాను. ఓడలు కట్టేవాళ్ళు, కీళ్ళు పూడ్చేవాళ్ళు, ఇనుపపని వాళ్ళు వీధుల నిండా ఉండేవాళ్ళు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి వచ్చిన ఉప్పెనలు దాన్ని ఊడ్చేశాయి. ఓడలకు మరమ్మతులు చేసిన ఊరి పేరు, ఆ ఊరే కనబడకుండా పోయాక, సముద్రం అవతల ఒక జనానికి కులం పేరులాగా మిగిలింది. నేను ఆ మెట్ల ముందు నిలబడి ఉన్నప్పుడు నా వెనుక మా ఓడ, కాకినాడ నుంచి వచ్చిన ఓడ, మరమ్మతు కోసం ఆగి ఉంది.

మెట్లెక్కిన మనిషికి ఒక నంబరు ఇచ్చేవాళ్ళు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు రాసుకునేవాళ్ళు. తర్వాతి కాలంలో ఫోటో కూడా తీశారు. ఆ దస్తరాలు మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మగవాడికి నెలకు ఐదు రూపాయలు, ఐదేళ్ళ ఒప్పందం. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. గుర్తింపు టికెట్టు లేకుండా దారిలో కనబడితే జైలు. ఇవన్నీ చదువుతుంటే నా మెడ వెనుక చెమట పట్టింది. మా దిక్కు గల్ఫు పోయినోళ్ళకు బతాకా అనే గుర్తింపు కార్డు అంటే ఏమిటో, పాసుపోర్టు సేటు పెట్టెలో ఉండడం అంటే ఏమిటో, కాగితం లేనివాణ్ణి ఖల్లివెల్లి అని ఎందుకంటారో నేను విడమరచి చెప్పనక్కర్లేదు. ఖానాపూర్ నుంచి భైంసా దాకా ఏ ఊళ్ళో అడిగినా చెప్తారు. నేను కూడా పని కోసమే సముద్రం దాటాను. కాని నా జేబులో షోర్ పాస్ ఉంది, ఓడ బాగైన రోజు పోతాను, ఏడాదికొకసారి నిర్మల్ బస్సు దిగుతాను. వాళ్ళలో చాలామందిని తెచ్చిన ఓడ మళ్ళీ వాళ్ళ కోసం రాలేదు.

ఆ గోడ నీడలో బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రేవులో పనిచేసి రిటైరయ్యాడట. చక్కెర బస్తాలు వీపు మీద మోసినవాడు. 1980లో చక్కెరను గుట్టలుగా నేరుగా ఓడలోకి పోసే టెర్మినల్ వచ్చాక బస్తాల పని పోయిందని హిందీలో చెప్పాడు. ఏ దేశమని అడిగాడు. ఇండియా అన్నాను. అక్కడ ఎక్కడ అన్నాడు. అప్పటికింకా రాష్ట్రం ఒకటే. “ఆంధ్రప్రదేశ్, తెలుగు” అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్క మాట తడుముకుంటూ, “నేను తెలుగు. మాట రాదు” అన్నాడు.

నాకేం చెప్పాలో తోచలేదు. “తాతా, నువ్వు ఇప్పుడు మాట్లాడింది తెలుగే” అన్నాను. నవ్వాడు. మా తాత ఈడు మనిషి కాబట్టి అట్లా పిలిచాను. ఆ పిలుపు ఆయనకు ఏ అనువాదం లేకుండా అందింది. ఇంట్లో రామభజన చేస్తామన్నాడు. పుస్తకం చూసి కాదు, తండ్రి నోటి నుంచి నేర్చుకున్న వరుస. సింహాద్రి అప్పన్నను కొలుస్తామన్నాడు. ఉగాదికి దేశమంతటికీ సెలవు అన్నాడు, ఆ మాట చెప్పేటప్పుడు నడుం నిటారుగా అయింది. మనుమరాలు బడిలో తెలుగు రాయడం నేర్చుకుంటున్నదట. సింహాచలం విశాఖలో ఉంది, నిర్మల్ నుంచి ఎంతో దూరం, మా ఇంట్లో అప్పన్న పూజ లేదు. మేం ఎల్లమ్మను, పోచమ్మను కొలుస్తాం. ఆయన యాస నా యాస కాదు. అయినా ఆ సాయంత్రం మేమిద్దరం ఒక ఊరివాళ్ళలాగా కూర్చున్నాం. 1990లో ఈ దీవిలోనే మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆ సభల్లో ఏం మాట్లాడారో నాకు తెలియదు గాని, ఆ బెంచీ మీద జరిగిన సభ నాకు చాలు.

ఇంకొక యాత్రికుడు ఇట్లాగే ఇక్కడ ఆగాడు. 1901 చివర గాంధీ దక్షిణాఫ్రికా నుంచి ఇండియాకు వస్తుంటే ఆయన ఎక్కిన ఓడ పోర్ట్ లూయీలో చాలా రోజులు నిలిచింది. దాదాపు మూడు వారాలు. ఓడ ఎక్కువకాలం ఆగింది కాబట్టి ఒడ్డుకు దిగి అక్కడి పరిస్థితులు తెలుసుకున్నానని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఒక రాత్రి గవర్నరు ఇంట్లో అతిథిగా ఉన్నాడు. మిగతా రోజుల్లో మనవాళ్ళను కలిసి, పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని చెప్పాడు. ఆ మాట గాలికి పోలేదు. 1907లో ఆయన ప్రోత్సాహంతో మణిలాల్ డాక్టర్ అనే లాయరు అక్కడికి వచ్చి కూలీల తరఫున కోర్టుల్లో వాదించాడు. ఒక ఓడ నాలుగు రోజుల్లో కదిలిపోయి ఉంటే ఈ కథ ఎట్లా ఉండేదో ఎవరు చెప్పగలరు?

కోరంగి కూలీల మునిమనుమల్లో రచయితలూ వచ్చారు. నతాషా అప్పనా పేరు మీరు వినే ఉంటారు. ఇంటిపేరు చూడండి, అప్పన్నే. మారిషస్‌లో తెలుగు కుటుంబంలో 1973లో పుట్టి, ఫ్రాన్సుకు పోయి, ఫ్రెంచిలో నవలలు రాసి లోకమంతా పేరు తెచ్చుకున్నారు. 2003లో వచ్చిన ఆమె తొలి నవల, మన దేశం నుంచి ఆ దీవికి కూలీలుగా బయలుదేరినవాళ్ళ కథే. అది ఎవరైనా నేరుగా ఫ్రెంచి నుంచి చక్కని తెలుగులోకి తేవాలని నా కోరిక. మన దగ్గర ఫ్రెంచి చదువుకున్న పిల్లలున్నారు, ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో కూడా ఉండవచ్చు. ఈ పని మనం ఎప్పుడో చేసి ఉండవలసింది.

తొమ్మిదో రోజు రామ్ వచ్చింది. చెక్కపెట్టె విప్పి, మైనం తుడిచి, ముందు వేలితో తడిమాను. అద్దంలా ఉంది. రెండు పగళ్ళు, ఒక రాత్రి పట్టింది బిగించడానికి. సర్వేయరు వచ్చి చుక్కానిని ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పించి, గడియారం చూసుకుని, సంతకం పెట్టాడు. పదకొండో రోజు సాయంత్రం ఓడ కదిలింది. వెనుక డెక్కు మీద నిలబడి చూస్తే కొండ మీది బండ ఇంకా దొర్లిపడలేదు. ఆప్రవాసీ ఘాట్ నల్లగోడ కొంతసేపు కనబడింది, తర్వాత గోదాముల చాటుకు పోయింది.

అందుకే 2018లో ఆ వార్త చదివినప్పుడు, ఆ ఆరుగురూ ఆ రేవులో దిగి ఏం చూసి ఉంటారా అని రోజంతా అదే ఆలోచన. స్వాతి, ఐశ్వర్య ఆ మెట్ల దాకా పోయారో లేదో నాకు తెలియదు. పడవ బాగయింది. మే 21న గోవాలో ఒడ్డు చేరారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. మహిళలే నడిపిన పడవలో భూమిని చుట్టిన తొలి భారత బృందం వాళ్ళది. టీవీలో ఆ పడవను చూపిస్తుంటే ఇంట్లో అందరూ తెరచాపలు చూశారు. నేను వెనుక భాగం చూపిస్తారేమోనని ఎదురుచూశాను.

నేను తెచ్చిన కొయ్య ఓడ సంగతి చెప్పడం మరిచాను. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చినా, ఇంటికొచ్చి చూసేసరికి నడిమి కొయ్య విరిగింది, దారాలు చిక్కుపడ్డాయి. నిర్మల్‌లో బొమ్మలు చేసే ఒక నకాషీ పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాన్ని రెండు చేతుల్లో ఎత్తి, వెలుతురులోకి తిప్పి తిప్పి చూశాడు. కిందికి తిప్పి గోరంత చుక్కానిని వేలితో కదిలించాడు.

“ఇది తిరుగుతది!” అన్నాడు.

“తిరుగుతది బాపూ” అన్నాను.

కర్ర వాసన చూసి, “కట్టె టేకు. పని మనది కాదు. ఏడికెల్లి తెచ్చినవ్?” అని అడిగాడు. చెప్పాను. ఓడ ఆగిందనీ, రామ్ మీద గీత పడిందనీ, ముసలాయన సంగతీ, అంతా చెప్పాను. ఆయన చింతగింజల జిగురు గిన్నె దగ్గరికి జరుపుకుంటూ విన్నాడు. విరిగిన కొయ్యను ఎదురెదురు పెట్టి అతికి, దారం చుట్టి, గోడవారగా ఎండ తగిలే చోట నిలబెట్టాడు.

“జిగురు ఆరాలె. ఇయ్యాల కాదు, రేపు కాదు” అన్నాడు. “ఎల్లుండి రా. అప్పటిదాంక ఏం చేస్తవ్, ఊళ్ళె తిరుగు.”